నేల పరీక్ష ఎవరి కొరకు?

వానకాలంలో బొంబాయి ధారావి సందులలో నడిచే మనిషి ఆకాశం చూడడు, ఎదుటివాని ముఖం చూడడు. నేల చూస్తాడు. మురుగు కాలువ మీద వేసిన బండ కదులుతుందా, చెక్క పుచ్చిపోయిందా, నీళ్ల కింద ఉన్నది రాయా గుంటా అని కాలి బొటనవేలితో తడిమి గాని రెండవ అడుగు వేయడు. ఆ నేల అటువంటిది. ఒకప్పుడు అది మాహిం దగ్గర సముద్రపు పాయ ఒడ్డున ఉన్న కోలీ జాలరుల పల్లె. చుట్టూ ఉన్న బురదను చెత్తతోనూ మట్టితోనూ పూడ్చుకుంటూ, పూడ్చిన చోట గుడిసె వేసుకుంటూ వచ్చినవారితో నిండి, ఈనాడు రెండు చదరపు కిలోమీటర్లకు కాస్త పైబడిన స్థలంలో లక్షలాది జనం కాపురమున్న బస్తీ అయింది. తమిళులు, మరాఠీలు, కుండలు చేసే సౌరాష్ట్రపు కుమ్మరులు, ఉత్తరాది పనివారు, వారి నడుమ తెలుగువారు. ఎవరి భాష ఏదైనా, అడుగు పెట్టబోయే చోటును ముందు చూచుకోవడం అందరికీ వచ్చిన విద్య.

తెలుగువారికి బొంబాయిలో ఆ విద్య పాతదే. కామాటిపుర అన్న పేరే కామాటి పనివారి వల్ల వచ్చింది. తెలుగు సీమ నుంచి, ముఖ్యంగా నైజాం రాజ్యం నుంచి వెళ్లి, ఆ నగరపు ఇళ్లకూ రోడ్లకూ మట్టి తవ్వి, రాయి మోసి, గోడ కట్టినవారు కామాటులు. పునాది తీసేముందు గడ్డపారతో నేలను పొడిచి, చేతికి తగిలిన అదురును బట్టి కింద ఉన్నది మొరమో పూడిక మట్టో చెప్పగలవాడు మేస్త్రీ అనిపించుకుంటాడు. బట్టల మిల్లుల కాలంలో వారి వెనుక పద్మశాలీలు వెళ్లి చాళ్లలో సంసారాలు పెట్టుకున్నారు. కరీంనగరం వైపు నుంచి వెళ్లినవారు వారిలో చాలామంది. ఆ కరీంనగరం జిల్లాలోనే గంగాధర దగ్గర, కురిక్యాల బొమ్మలగుట్ట మీద, పంపమహాకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దంలో చక్రేశ్వరినీ జినబింబాలనూ చెక్కించి, తెలుగు కందపద్యాలతో శాసనం వేయించాడన్న సంగతి ఈ సంచిక చదివేవారికి సంతోషం కలిగించేదే గాని, ప్రస్తుతానికి అది పక్కదారి.

కామాటి మేస్త్రీ నేలను చూచేది గోడ నిలవడానికి. ధారావి పాదచారి చూచేది తాను పడకుండా ఉండడానికి. రెండూ న్యాయమే. జైన కుటుంబంలో పుట్టినవాడికి మాత్రం చిన్ననాటి నుంచి మూడవ కారణం ఒకటి చెపుతారు: కాలి కింద మరొక ప్రాణి ఉండవచ్చును గనుక చూడవలె. ఈ మూడు చూపులూ బయటికి ఒకే రకంగా ఉంటాయి. కళ్లు దించుకొని నడిచేవాడు ఎవరి కోసం కళ్లు దించాడో పక్కవాడు చెప్పలేడు. ఈ తేడా స్పష్టంగా కనబడే చోటు ఒకటి, ఎవరూ అనుకోనిది, ధారావికి తూర్పున కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్నది.

అది చెంబూరు. 1927 లో ఏర్పడిన బొంబాయి ప్రెసిడెన్సీ గోల్ఫ్ క్లబ్బు అక్కడిది. ఆ క్లబ్బు చుట్టుపక్కల బస్తీల కుర్రవాళ్లు చాలాకాలంగా లోపలి ఆటగాళ్ల కర్రల సంచులు మోసే పని చేస్తూ వచ్చారు. వారిని క్యాడీలంటారు. పచ్చికమీద ఆడే యోగం లేనప్పుడు కొందరు ఇనుప చువ్వలను వంచి కర్రలుగా చేసుకొని, ప్లాస్టిక్ బంతితో తమ సందులలోనే గోల్ఫ్ ఆడుకున్నారు. పత్రికలు దానిని బస్తీ గోల్ఫ్ అని ఫోటోలతో సహా వేశాయి.

జైన సంచికలో గోల్ఫ్ ప్రస్తావన ఏమిటని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. వర్తక కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఆ మైదానాలకు వెళ్లుతున్నారన్నది ఒక కారణం. ఆట కోసం కొంత, పరిచయాల కోసం ఎక్కువ. అసలు కారణం వేరు. వస్తువు పడిన చోట దాని చుట్టూ ఉన్న నేలను ఎంతవరకు చూడవచ్చు, ఎంతవరకు తాకవచ్చు, ఏది తీయవచ్చు, ఏది తీయకూడదు అని ఇంత సూక్ష్మంగా శాసనాలు రాసుకున్న ఆట మరొకటి కనబడదు. ఆ శాసనాలను జైన గృహస్థుడు చదివితే కొన్నిచోట్ల తన ఇంటి పుస్తకమే చదివినట్లుంటుంది. కొన్నిచోట్ల ఉలికిపడతాడు.

ఆట తెలియనివారికి రెండు మాటలు. చిన్న గట్టి బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరాన పచ్చికలో చేసిన గుంటలో వేయవలె. పూర్తి ఆటకు పద్దెనిమిది గుంటలు. తక్కువ దెబ్బలలో ముగించినవాడు గెలుస్తాడు. బంతి ఎక్కడ పడితే అక్కడినుంచే, ఎట్లా పడి ఉంటే అట్లాగే కొట్టవలెనన్నది మూలసూత్రం. 1744 లో ఎడింబరో దగ్గర లీత్ అనే చోట ఆటగాళ్లు రాసుకున్న పదమూడు నిబంధనలలోనే నేల గొడవ ఉన్నది. కొట్టడానికి అనుకూలంగా ఉండాలని రాళ్లూ ఎముకలూ తీసివేయకూడదు. మంచి పచ్చిక మీద తీయవచ్చు గాని, అదీ బంతికి ఒక కర్ర పొడవు లోపలనే. ఎముకలు ఎక్కడివని ఆశ్చర్యపడనక్కరలేదు, అది ఊరందరి ఉమ్మడి బయలు.

ఆ పదమూడు నిబంధనలు పెరిగి పెరిగి ఇప్పుడు పెద్ద పుస్తకమయ్యాయి. 2019 లో పెద్ద సవరణ జరిగింది, 2023 లో మరొకటి. నేటి లెక్క ప్రకారం బంతి వెనుక గడ్డిని కాలితో నొక్కి చదును చేయకూడదు. అడ్డం వచ్చిన మొక్క కొమ్మను విరవకూడదు. గడ్డి మీది మంచును తుడవకూడదు. ఇసుక గుంటలో, అంటే బంకరులో, బంతి పడితే ఇసుక మెత్తనా గట్టినా అని తెలుసుకోవడానికి చేత్తో గాని కర్రతో గాని దానిని తాకకూడదు. గుంట చుట్టూ ఉన్న నున్నని పచ్చికను రుద్ది చూడకూడదు, దాని వాలు తెలుసుకోవడానికి వేరొక బంతిని దొర్లించి చూడకూడదు. తప్పితే దెబ్బలు లెక్కించే పోటీలో శిక్ష రెండు దెబ్బలు. కనబడని బంతిని వెదకడానికి గడ్డిని తగినంత మేరకు పక్కకు తొలగించవచ్చు, మూడు నిమిషాలసేపు. 2019 కి ముందు ఐదు నిమిషాలు ఇచ్చేవారు. వెదకుతూ పొరపాటున బంతిని కదిలిస్తే ఇప్పుడు శిక్ష లేదు, మళ్లీ దాని చోట దానిని పెట్టవలె.

ఎంత చూచినా తప్పు లేదు. చూచిన తరువాత నేలను తనకు అనుకూలంగా మార్చుకుంటే తప్పు. వర్తకుడికి ఈ గీత ఎక్కడ ఉన్నదో చెప్పనక్కరలేదు. అచౌర్యమనే అణువ్రతానికి తత్త్వార్థసూత్రం చూపించిన అతిచారాలలో తప్పుడు తూనికలు కొలతలు ఒకటి, నాసి సరుకును మేలు సరుకుగా చెల్లించడం ఒకటి. తక్కెడ పళ్లెం కింద చింతపండు అంటించేవాడూ, బంతి వెనుక గడ్డిని బూటుతో అణచేవాడూ ఒకే పని చేస్తున్నారు. ఇద్దరూ ఎదుటివాని జేబులో చేయి పెట్టలేదు. తూచే చోటును మాత్రం ముట్టుకున్నారు.

గోల్ఫ్‌లో ప్రతి ఆటగాడి వెంటా న్యాయాధికారి నడవడు. తన తప్పు తానే చెప్పుకొని తన లెక్కలో తానే దెబ్బ వేసుకోవలె. 1925 లో అమెరికా ఓపెన్ పోటీ వూస్టర్‌లో జరిగినప్పుడు బాబీ జోన్స్ అనే ప్రసిద్ధ ఆటగాడు ఎత్తుగడ్డిలో బంతి దగ్గర కర్ర ఆనిస్తుండగా బంతి కాస్త కదిలింది. మరెవరూ చూడలేదు. కదిలిందని తానే చెప్పి ఒక దెబ్బ అదనంగా వేసుకున్నాడు. పోటీ చివరకు సరిసమానంగా నిలిచి, మళ్లీ ఆడిన ఆటలో విల్లీ మక్‌ఫార్లేన్ చేతిలో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. ఆ అదనపు దెబ్బ వేసుకోకుండా ఉంటే మళ్లీ ఆడవలసిన అవసరమే ఉండేది కాదు. మెచ్చుకున్నవారితో, బ్యాంకును దోచుకోలేదని మనిషిని మెచ్చుకుంటారా అన్న అర్థంలో మాట్లాడాడని ప్రసిద్ధి. సాయంకాలం ప్రతిక్రమణకు కూర్చుని, పగలు దుకాణంలో జరిగినదానిని మనసులో తిరగవేసుకునే గృహస్థుడికి ఈ మనిషి పరాయివాడుగా తోచడు.

మరొక సంగతి ఇంకా దగ్గరిది. 2010 లో అమెరికాలో విజ్లింగ్ స్ట్రెయిట్స్ మైదానంలో పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్ చివరి రోజున, చివరి గుంట దగ్గర, డస్టిన్ జాన్సన్ బంతి ఒక ఇసుక నేల మీద పడింది. చుట్టూ జనం, ఇసుక అంతా తొక్కివేసి ఉన్నది. అది బంకరని ఆయనకు తోచలేదు, కర్రను నేలకు ఆనించాడు. ఆ మైదానంలోని ఇసుక గుంటలన్నీ బంకర్లుగానే లెక్క అని నోటీసు ముందే పెట్టి ఉన్నారు. రెండు దెబ్బలు పడ్డాయి, గెలుపు కోసం ముందుకు పోయే అవకాశం పోయింది. ఆయన ఇసుకను పరీక్షించాలనుకోలేదు, ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. చేసిన తప్పల్లా తాను నిలబడిన నేల ఏమిటో చూచుకోకపోవడం.

ఇది కఠినమని లోకం అనవచ్చు. శ్రావకుడు అనలేడు. పోషధోపవాస వ్రతం పట్టినవాడు, చూడని తుడవని చోట వస్తువు పెట్టినా, అట్లాంటి చోటనుంచి తీసినా, పడక పరచినా అతిచారమేనని తత్త్వార్థసూత్రం చెపుతుంది. అక్కడ ప్రాణి ఉన్నదా, చచ్చిందా అన్న విచారణ తరువాతి మాట. చూడకపోవడమే దోషం. హింసకు అదే గ్రంథం చెప్పిన లక్షణంలో ముందు మాట ప్రమత్తయోగం, అంటే ఏమరుపాటుతో కూడిన మనోవాక్కాయాల కదలిక. ప్రాణం పోవడం దాని వెనుక వస్తుంది.

ఇంతవరకు గోల్ఫ్ పుస్తకమూ జైన శాస్త్రమూ ఒకే గురువు దగ్గర చదువుకున్నట్లే ఉంటాయి.

ఇక తీసివేయదగిన వస్తువుల సంగతి. నేలకు అంటుకోకుండా, వేరు లేకుండా పడి ఉన్న ప్రకృతి వస్తువులను బంతి కదలకుండా తీసివేయవచ్చునని ఆట నిబంధన. వాటి పట్టిక కూడా ఇచ్చారు. రాలిన ఆకులు, పుల్లలు, విడి రాళ్లు, పశువుల పెంట, చచ్చిన జంతువులు. ఆ తరువాత పురుగులు, సులభంగా తీయగల అటువంటి ప్రాణులు, అవి కట్టుకున్నవి: వానపాము తోడిన మట్టికుప్పలు, చీమల పుట్టలు. సాలెగూడు దేనికైనా అంటుకొని ఉన్నప్పటికీ తీయదగిన వస్తువుగానే 2019 నుంచి లెక్క. మంచుబిందువు మాత్రం ఈ పట్టికలో లేదు. దానిని తుడిస్తే తప్పు.

శ్వేతాంబర గృహాలలో సామాయికానికి కూర్చునేముందు చదివే ఇరియావహియా సూత్రం పిల్లలకు కూడా కంఠతా వస్తుంది. నడకలో తన వల్ల బాధపడిన జీవులకు చెప్పుకునే క్షమాపణ అది. అందులోనూ ఒక పట్టిక ఉన్నది. విత్తనాలు, పచ్చని మొక్కలు, మంచుబిందువులు, చీమల గూళ్లు, నాచు, నీరు, మట్టి, సాలెగూళ్లు. ఆ పైన ఒక్క ఇంద్రియం గల జీవి మొదలు అయిదు ఇంద్రియాల జీవి వరకు అన్నింటినీ పేర్కొని, తొక్కానా, కప్పివేశానా, ఉన్నచోటినుంచి కదిలించి మరొక చోట పడవేశానా అని అడుగుతుంది.

ఈ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడవలె. ఒకటి పచ్చిక బయళ్లలో వినోదం కోసం తిరిగినవారు రాసుకున్నది, రెండవది కాలినడకన ఊరూరా తిరిగిన శ్రమణుల పరంపరలోనిది. ఒకరి సంగతి మరొకరికి తెలియదు. అయినా నేల దగ్గరగా వంగి చూచిన ప్రతివాని కంటికి కనబడేవి అవే గనుక అవే కనబడ్డాయి: మంచు, పుట్ట, సాలెగూడు. ఒకడు నా దెబ్బకు ఇది అడ్డమా అని అడిగాడు. మరొకడు దీనికి నేను అడ్డమయ్యానా అని అడిగాడు.

ఆట నిబంధనలలోని అతి విచిత్రమైన మాట ఇంకా ముందున్నది. బంతి దగ్గర ప్రమాదకరమైన జంతువు ఉంటే, అంటే విషసర్పం, కుట్టే తేనెటీగలు, మొసలి, ఎలుగుబంటి, మంటపుట్టేటట్లు కరిచే ఎర్రచీమలు వంటివి ఉంటే, ఆటగాడు ఏ శిక్షా లేకుండా బంతిని వేరొక చోటికి మార్చుకోవచ్చు. ఆటగాడి శరీరానికి గట్టి హాని కలగకూడదు గదా. కరవని చీమల పుట్ట అయితే, దానిని చేత్తో తీసి పారవేయవచ్చు. ఆ పుట్టను పాడుచేయడం ఇష్టం లేక బంతిని మార్చుకుందామంటే మాత్రం ఉచితంగా కుదరదు. కరిచే చీమలకు దారి ఇవ్వడం ఊరికే వస్తుంది. కరవని చీమలకు దారి ఇవ్వడానికి వెల కట్టవలె.

ఇది ఒక్క గోల్ఫ్ సంగతి కాదని వర్తకులకు తెలుసు. తిరగబడి కోర్టుకు ఎక్కగల ఖాతాదారు దగ్గర లెక్క సరిగా ఉండడానికి ధర్మం అక్కరలేదు. నోరులేని రైతు, చదువురాని కూలీ, అరువు తీర్చలేని విధవరాలు వచ్చినప్పుడే ఎవరి చూపు ఎటువంటిదో బయటపడుతుంది.

పంచసమితులలో ఈర్యా సమితి నడకకు, ఆదాన నిక్షేపణ సమితి వస్తువు తీయడానికీ పెట్టడానికీ, ఉత్సర్గ సమితి మలమూత్రాదులు విడవడానికీ చెప్పినవి. అయిదింటిలో మూడు నేలను చూచే సమితులే. శ్వేతాంబర సాధువు చేతిలోని ఊలు కుచ్చు రజోహరణం, దిగంబర ముని చేతిలోని నెమలి ఈకల పింఛి ఇందుకోసమే ఉన్నాయి. గృహస్థుడి ఇంట్లో సామాయికం చాపకింద చరవలాతో మెల్లగా తుడవడం, పప్పు చేటలో చూచుకోవడం, నీళ్లు వడగట్టడం అవే పనులకు చిన్న రూపాలు. వడగట్టిన గుడ్డలో మిగిలినదానిని మళ్లీ అదే బావిలోని నీళ్లలో విడవవలెనని పెద్దలు చెప్పేవారు. చాళ్లలో పంపు కింద బిందె పెట్టే ఇల్లాలికి ఆ బావి ఎక్కడున్నది? గుడ్డ కట్టడం మిగిలింది, తిరిగి ఇవ్వడం పోయింది. ఆమెను తప్పు పట్టి లాభం లేదు గాని, వడగట్టడం తన కడుపు కోసమా నీటిలోని జీవి కోసమా అన్న ప్రశ్న అక్కడికి వచ్చేసరికి కాస్త మసకబారింది.

నేలను పరీక్షించడమంటే ఏమిటో జ్ఞాతాధర్మకథలోని ధర్మరుచి అనగారుని కథ చెప్పినంతగా మరేదీ చెప్పదు. చంపానగరంలో నాగశ్రీ అనే బ్రాహ్మణ గృహిణి ఒకనాడు సొరకాయ కూర వండింది. రుచి చూస్తే చేదు, విషతుల్యం. ఇంట్లోవారికి తెలిస్తే నవ్వుతారని దాచిపెట్టి, భిక్షకు వచ్చిన ధర్మరుచి పాత్రలో అంతా కుమ్మరించింది. ముని తెచ్చి గురువు ధర్మఘోషునికి చూపించాడు. గురువు వాసన బట్టి, ఒక చుక్క రుచి బట్టి గ్రహించి, తింటే ప్రాణం పోతుందని, జీవులు లేని శుద్ధమైన చోట విడిచి రమ్మనీ చెప్పాడు.

ధర్మరుచి వెళ్లి చోటు వెదకాడు. కంటికి శుద్ధంగా కనబడిన నేల మీద ఒక్క బొట్టు వేసి చూచాడు. ఆ వాసనకు చీమలు వేలుగా వచ్చాయి, తిన్నవి తిన్నట్లే చచ్చాయి.

ఇక్కడ కొంచెం ఆగవలె. ఆయన చేసింది నేల పరీక్షే. బంకరులో ఇసుకను వేలితో గీచి చూచేవాడు చేసేదీ నేల పరీక్షే. గోల్ఫ్ పుస్తకం ఆ పరీక్షను నిషేధించింది, దానివల్ల ఆటగాడికి అన్యాయపు లాభం గనుక. ధర్మరుచి పరీక్ష వల్ల ఆయనకు ఏ లాభమూ లేదు. అయినా ఆ ఒక్క బొట్టు కూడా వేలకొద్దీ ప్రాణాలు తీసింది. మంచి మనసుతో చేసిన పరీక్ష కూడా నేలకు కొంత వెల పెడుతుంది. కథకుడు ఈ సంగతిని దాచలేదు. బొట్టుకే ఇంత అయితే పాత్ర అంతటికీ ఎంత అని ముని లెక్క వేసుకున్నాడు. గురువు మాట జవదాటకూడదు, శుద్ధమైన చోటనే విడవవలె. ఇక లోకంలో శుద్ధమైన చోటు ఏది? తన కడుపే అని నిశ్చయించి, ఆ కూర అంతా తానే తిని, ఆరాధన చేసుకొని దేహం విడిచాడు.

ముని మార్గం గృహస్థుడిది కాదు. గృహస్థుడు విడవవలసింది సంకల్పపూర్వకమైన త్రసహింస, అంటే కదిలే జీవులను తెలిసి చంపడం. పొయ్యి, దుకాణం, బండి ఉన్నవాడికి స్థావరహింస పూర్తిగా తప్పదని శాస్త్రం తానే ఒప్పుకుంది. ఆ కొలతతో కొలిచినా ఆట పట్టిక నిలవదు. వానపాముకు రెండు ఇంద్రియాలు, చీమకు మూడు, ఈగకు నాలుగు. తీసి పారవేయదగిన వస్తువులుగా రాసినవాటిలో ఇవన్నీ త్రసజీవులే. పచ్చిక మాట ఎత్తితే చిక్కు ఇంకా పెరుగుతుంది. అది ప్రాణమున్న నేల; కర్ర దెబ్బకు గడ్డిపెళ్ల లేచిపోతుంది. ప్రయోజనం లేకుండా నేల తవ్వడం, ఆకు తుంచడం, నీరు ఒలకబోయడం ప్రమాదచర్య అని అనర్థదండాలలో చేర్చారు. ఆట ప్రయోజనమా కాదా అన్న వాదం ఈ వ్యాసంలో తేలేది కాదు. పిల్లలను వెళ్లవద్దని కట్టడి చేసే తండ్రులూ ఉన్నారు, తామే వెంట వెళ్లే తండ్రులూ ఉన్నారు. వెళ్లినవాడు అక్కడ ఏం చేయవలె అన్నది తేలవలసిన ప్రశ్న.

ఆ మైదానంలో నేలను ముందుగా చూచేది చాలాసార్లు ఆటగాడు కాడు, క్యాడీ. బంతి ఎక్కడ పడిందో వాడు పరుగెత్తి చూస్తాడు. తీయవచ్చునన్న వస్తువులను వాడు తీస్తాడు. చెంబూరు సందులో, తల్లి బట్టలారవేసిన తాడు కింద చువ్వతో బంతి కొట్టి ఈ ఆట నేర్చుకున్న కుర్రవాడిని ఒకణ్ణి ఊహించవచ్చు. ఆ సందులో వాడు నేలను ఎట్లా చూచి ఉంటాడు? అక్కడ చదును చేయడానికి నేలంటూ లేదు. బంతి మురికి కాలువ పక్కన పడితే అక్కడినుంచే కొట్టవలె. అంత ఇరుకులో కర్ర ఎత్తేవాడు ముందు చూడవలసింది, వెనుక పాకే పసివాడు ఉన్నాడా, గడపలో ముసలమ్మ కూర్చున్నదా అని. పచ్చిక మీదికి వచ్చి సంచి భుజాన వేసుకున్న తరువాత వాడి చూపు మారుతుంది. సేఠ్ గారి దెబ్బకు అడ్డమేదైనా ఉన్నదా అని చూస్తాడు. కూలి దానికే.

సేఠ్ ఏమీ అనకపోవచ్చు. బంతి వైపు ఒకసారి, కుర్రవాడి వైపు ఒకసారి చూస్తాడు. వాడు వంగి చీమల పుట్టను చేత్తో తుడిచివేస్తాడు. ఆట పుస్తకం ప్రకారం తప్పే లేదు. తప్పే అయిఉంటే, ఉదాహరణకు గడ్డి నొక్కి ఉంటే, శిక్ష పడేది కుర్రవాడికి కాదు, ఆటగాడికి. క్యాడీ చేసినదానికి ఆటగాడే బాధ్యుడని నిబంధన. ఇది మెచ్చదగిన నిబంధన. కృతం, కారితం, అనుమోదితం అని జైనశాస్త్రం మూడు వాకిళ్లు చూపించింది: తాను చేసింది, చేయించింది, చేస్తే సరే అన్నది. మూడు వాకిళ్ల నుంచీ కర్మ లోపలికి వస్తుంది. తక్కెడ నొక్కింది గుమాస్తా, నాకు తెలియదు అనే యజమాని ఈ రెండు పుస్తకాలలో దేనిలోనూ తప్పించుకోలేడు. కాకపోతే పుట్ట దగ్గర ఒక పుస్తకం మౌనంగా ఉండిపోయింది. ఆ చోట యజమాని తన పుస్తకమే తెరవవలె. కుర్రవాడి పాలు ఎంత అన్నవారికి, కషాయాన్ని బట్టి బంధం అన్నదే సమాధానం. వాడిలో లోభం కంటే భయం ఎక్కువ. లోభం ఉన్నది కర్ర పట్టినవాడిలో.

మరి కర్ర పట్టినవాడు చీమలను విడిచిపెట్టాలంటే దారి ఉన్నదా? ఉన్నది, ఆ పుస్తకంలోనే. బంతి పడిన చోటు ఆడడానికి వీలులేనిదని ఆటగాడు ఎప్పుడైనా చెప్పవచ్చు. ప్రత్యేకంగా గుర్తు పెట్టిన నీటి గుంటల వంటి చోట్ల మాత్రం చెల్లదు. వీలున్నదో లేదో నిర్ణయించే అధికారం పూర్తిగా అతనిదే. కారణం చెప్పనక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. గుంటకు దగ్గర కాకుండా, రెండు కర్రల పొడవు లోపల బంతిని వేరొక చోట వదిలి కొట్టవచ్చు. అందుకు ఒక దెబ్బ అదనంగా లెక్కలో వేసుకోవలె.

ఒక దెబ్బ. ఊరికే సరదాకు ఆడే ఆదివారం నాడు అది ఏమంత లెక్క కాదు. ఎదుటివాడు పెద్ద మిల్లు ఏజెంటు అయి, ఆటలో పందెం ఉండి, పదిహేడు గుంటల వరకు ఇద్దరి లెక్కా సమానంగా వచ్చి, పద్దెనిమిదవ గుంట దగ్గర బంతి పుట్ట పక్కన ఆగినప్పుడు మాత్రం అది లెక్కే. కుర్రవాడు అప్పటికే వంగి చేయి చాచి ఉంటాడు. ఆగు అనాలి, కారణం చెప్పకుండా బంతిని తీయాలి, రెండు కర్రల దూరం కొలిచి వదలాలి. ఆట ముగిసిన తరువాత కార్డు మీద నాలుగు వేయవలసిన చోట అయిదు వేయాలి. ఎదుటివాడు ఆ అంకెను చూచి, ఎందుకు మార్చారు, అక్కడ ఏమున్నది అని అడిగితే, చీమలున్నాయి అని చెప్పాలి.